నేను పెట్టని సంతకం

మా ఆయన పోయాక ఆయన ఉద్యోగం నాకిచ్చారు. టెలిఫోను కంపెనీలో కేబుల్ జాయింటర్ని. గోతిలో దిగి, తెగిన తీగలు రంగు చూసుకుని కలపడం పని. కుచ్చిళ్లు ఎగదోపుకుని మొదటిసారి దిగినప్పుడు గుండుగొలను సెంటరంతా నిలబడి చూసింది. చూస్తే చూశారు, నాకేం?

ఇరవై రెండేళ్లు చేశాక, కంపెనీని పునర్వ్యవస్థీకరిస్తున్నామని ఏలూరు ఆఫీసులో మీటింగు పెట్టారు. జాయింటర్లు ఇక అక్కర్లేదట. స్వచ్ఛంద పదవీ విరమణ ఫారాలు పంచారు. నెలాఖరు గడువు. నాతోటి వాళ్లందరూ టీ తాగి సంతకాలు పెట్టేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకా ఏడేళ్ల సర్వీసుంది, కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యమంటారు? పెట్టనని చెప్పి వచ్చేశాను.

గడువు రెండు రోజులుందనగా ఆఫీసరుగారు ఫోను చేశారు. కొల్లేరు వైపు లైను తెగింది, అక్కడి ఆసుపత్రికి ఫోను లేదు, కాంట్రాక్టరు మనుషులు మ్యాపు పట్టుకుని పొద్దుట్నుంచీ తవ్వుతున్నా కేబులు కనబడ్డం లేదు అన్నారు. ఎందుకు కనబడుతుంది? చేపల చెరువులు తవ్వినప్పుడు ఆ రైతులూ మేమూ మాట్లాడుకుని కేబుల్ని గట్టు మీదికి జరిపేశాం. మ్యాపులో మార్చలేదు. అందరికీ తెలిసిందే కదా, రాయడం దేనికి అనుకున్నాం. తప్పు మాదే, ఒప్పుకుంటాను.

వెళ్లి గట్టెంట నడిచి, పంపుషెడ్డు దాటాక ఇక్కడ తవ్వండన్నాను. మూరెడు లోతులో దొరికింది. బురదలో కూర్చుని సాయంత్రానికి కలిపాను. ఆఫీసుకెళ్లి చెబితే ఆఫీసరుగారు తెగ సంతోషించారు. సంతోషించి, మేం అలా జరిపిన మిగతా చోట్లు కూడా మ్యాపులో గుర్తు పెట్టేసి, ఫారం మీద సంతకం చేసి వెళ్లమన్నారు. ఎంత తీరిగ్గా అడిగారో!

"గుర్తులు పెడతానండి, అది మా తప్పు. సంతకం మాత్రం పెట్టనండి," అన్నాను.

గుర్తులన్నీ పెట్టాను. అవి దాచుకుని ఉద్యోగం నిలబెట్టుకోవాలా నేను? నాకు పని వచ్చు, అది చాలు.

ఒకటో తారీఖున ఆఫీసుకి వెళ్తే బల్ల మీద కొత్త హాజరు పట్టీ ఉంది. అందులో నా పేరు లేదు. పొరపాటున పోయుంటుందండీ అన్నారు గుమాస్తాగారు, తలెత్తకుండా. అలాగే అయ్యుంటుందండీ అని, ఆయన పక్కనున్న పెన్ను తీసుకుని, చివరి గీత కింద నా పేరు పెద్ద అక్షరాలతో రాసి, సంతకం పెట్టి, టైము కూడా వేశాను. ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, ఇవాళ ఏ లైనుకి వెళ్లాలో చెప్పండన్నాను.