ఫిర్యాదు చేసినవాడికే తాళంచెవి

ఈ ఉదయం సౌదీలోని మా బురైదాలో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. వాన హెచ్చరిక. కిటికీ తెరిస్తే తడిసిన దుమ్ము వాసన. అది తగలగానే నా చేయి జేబులోని తాళంచెవి మీదికి పోయింది. దాన్ని నాకిచ్చింది సుబ్బరాయుడు గారు. నా నోరు మూయించడానికే ఇచ్చారని చాలాకాలం నమ్మాను.

అప్పట్లో మా ప్రైవేటు ఆస్పత్రికి ఆయన మెయింటెనెన్స్ మేనేజర్. నెల్లూరు మనిషి, ఆఫ్రికాలోని లాగోస్‌లో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చారు. అక్కడ వాన పట్టిందంటే వీధులు కాలువలవుతాయని, ఆఫీసు మెట్ల మీద కూర్చుని నీళ్ళు తగ్గేదాకా ఎదురుచూసేవాళ్ళమని చెప్పేవారు. నేను సెల్లార్‌లోని మందుల స్టోరు చూసేవాణ్ణి. పక్కనే పంపు గది. ర్యాంపు మీంచి దిగే నీళ్ళు అక్కడి గుంటలో చేరితే బయటికి తోడాల్సిన పంపు అది. వానలు లేని ఊరు కాబట్టి ఆ గదిని ఖాళీ అట్టపెట్టెలతో నింపేశారు. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినలేదు. చివరికి మీటింగులోనే లేచాను.

"సార్, నా స్టోరుకు బొద్దింకలొస్తున్నయి. ఆ గదిని ఎవరూ పట్టించుకుంటలేరు."

"ఇబ్బంది నీకేనా అబ్బాయ్?"

"నాకే సార్."

"అయితే ఇంద, తాళంచెవి. ఇకనించి ఆ గది నీదే."

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. అందరికంటే గట్టిగా నవ్వింది ట్రాన్స్‌పోర్టు చూసే హైదరాబాదు జాఫర్. మీటింగు అయ్యాక నేరుగా సుబ్బరాయుడు గారి గదికి పోయి, నేను మందుల మనిషినని, పంపులు నా పని కాదని పోట్లాడాను. ఆయన చాయ్ తాగడం ఆపలేదు.

"లాగోస్‌లో పంపు చెడిపోదబ్బాయ్. వానాకాలమంతా తిరగతానే ఉంటాది. ఇట్టాంటి ఎండ ఊళ్ళోనే కూర్చోని కూర్చోని బిగిసిపోతాది. దాన్ని వారం వారం ఎవడో ఒకడు గుర్తు పెట్టుకోవాల. నువ్వు దేన్నీ మర్చిపోవు గదా."

పొగిడారో పొడిచారో తేల్చుకోలేకపోయాను. అయినా పంతం పట్టి పెట్టెలన్నీ బయట పడేశాను. ఆయన అన్నట్టే పంపు బిగిసిపోయి ఉంది. అది కదిలేదాకా మెకానిక్‌ను వదల్లేదు. అప్పటినుంచి ప్రతి గురువారం గుంటలో బకెట్లతో నీళ్ళు పోసి పంపు తిప్పేవాణ్ణి. జాఫర్ తలుపు దగ్గర నిలబడి, "ఏం కెప్టెన్ సాబ్, ఎడారిల ఓడ నడుపుతున్నవా?" అనేవాడు. ఆ పేరు ఆస్పత్రంతా పాకింది.

సుబ్బరాయుడు గారు ఫైనల్ ఎగ్జిట్ మీద, ఉద్యోగం వదిలి శాశ్వతంగా ఇంటికి వెళ్ళిపోయిన తర్వాతి చలికాలంలో ఒక ఉదయం ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. రోడ్డు నిండి, ర్యాంపు మీంచి బురదనీళ్ళు దూకాయి. ఆస్పత్రి మొత్తానికి కావలసిన ఇన్సులిన్, పైన డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకు కావలసిన సరుకు, అన్నీ నా స్టోరులోనే ఉన్నాయి. గది తెరిచి స్విచ్ నొక్కాను. పంపు ఒక్కసారి గురకపెట్టి, అందుకుంది. ర్యాంపు కింది జాలీకి ప్లాస్టిక్ కవర్లు అడ్డం పడుతుంటే మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో లాగుతున్నాను. ప్యాంటు మడుచుకుని జాఫర్ వచ్చాడు.

"భాయ్, నేనేం చెయ్యాలె?"

"కవర్లు తియ్యి. నవ్వకు."

అతను నవ్వలేదు. పక్క భవనం సెల్లార్‌లో కార్లు తేలాయి. మా నీళ్ళు స్టోరు గడప దాకా వచ్చి, కాసేపు అక్కడే ఆగి, మెల్లగా వెనక్కి తగ్గాయి. పైన ఒక్క డయాలసిస్ కూడా ఆగలేదు. తడిబట్టలతోనే నెల్లూరుకు ఫోన్ చేశాను.

"సార్, గడప దాటలే."

"మంచిది. ఇప్పుడు చెప్పు, ఇంక దేని మీద నీ ఫిర్యాదు?"

"జాలీ చిన్నది సార్."

"అట్టయితే అది కూడా నీదే."

ఆ వాన తర్వాత మెయింటెనెన్స్ నాకే అప్పగించారు; ఇప్పుడు ఆయన కుర్చీలో నేనున్నాను. ఎవరు ఫిర్యాదు చేస్తే తాళంచెవి వాళ్ళదే. మొన్న మీటింగులో మేడ మీది వాననీటి గొట్టాలు మూసుకుపోయాయని జాఫర్ గొడవపెడితే, అందరి ముందూ మేడ తాళంచెవి అతని ముందు పెట్టాను. ఎవరూ నవ్వలేదు. నేనొక్కణ్ణే కొంచెం నవ్వాను.

ఆ పేరు పెట్టినందుకు అతన్ని నేనింకా క్షమించలేదు. కానీ ఈ ఉదయం నేను సెల్లార్ మెట్లు దిగుతుండగా ఫోన్ చేసి, "కెప్టెన్, గొట్టాలన్నీ చూసిన, సాఫ్ ఉన్నయి" అంటే, "ఆఁ, చెప్పు" అని పలికాను. పలికి, పంపు గది తాళం తీశాను.