గోడవతలి బావి

1979. పాతబస్తీలోని జహనుమాలో, యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న ఒక కాలేజీలో నేను కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటర్‌ని. పాఠం చెప్పేది లెక్చరర్లు, ల్యాబ్‌లో పిల్లల చేత ప్రయోగాలు చేయించేది మేము. పరీక్షలు దగ్గరపడి రోజూ సాల్ట్ అనాలిసిస్ సాగుతోంది. ఇచ్చిన పొడిలో ఏ లోహం ఉందో కనిపెట్టడమే ఆ ప్రయోగం. సీసం, పాదరసం, ఆమ్లాలు అన్నీ చివరికి సింక్‌లోకే. అక్కడి నుంచి ఎటు పోతున్నాయని ఎవరూ అడగలేదు.

అడిగింది మల్లమ్మ. కాలేజీ గోడ వెనకాలే వాళ్ల ఇల్లు, తాతల నాటి నుంచి పాడి మీదే బతుకు. మా స్టాఫ్‌రూం చాయ్‌కి పాలు ఆమే పోసేది.

"టీచరమ్మా, మా బర్లు బాయి నీళ్లకు మూతి పెడ్తలేవు. మీ దిక్కు నుంచి ఏమన్న వస్తున్నదా? జర చూడుండ్రి."

వెళ్లి చూస్తే, మా సింక్ గొట్టం గోడ దాటి సరిగ్గా బావి పక్కన గుంటలో తెరుచుకుంది. బావి నీళ్లు తెచ్చి పరీక్షించాను. సీసం జాడ తేలింది. ఆ నీళ్లు ఎవరూ ముట్టొద్దని మల్లమ్మకు చెప్పి, స్టాఫ్‌రూంలో ఉన్న మా డిపార్ట్‌మెంట్ హెడ్ గారి దగ్గరికి పరుగెత్తాను.

"సింక్‌ల పోసుడు ఇయ్యాల కొత్తనా అమ్మా? మన పని పాఠం చెప్పుడు. మోరీల ఫికర్ మున్సిపాలిటీది," అన్నారాయన చాయ్ తాగుతూ.

ఒళ్లు మండింది. "సార్, ఆ చాయ్‌లో పాలు మొన్నటిదాకా ఆ బావి నీళ్లు తాగిన బర్రెలవే," అన్నాను.

ఆయన కప్పు కింద పెట్టేశారు. గదిలో అందరూ పెట్టేశారు. హమ్మయ్య, దారికొచ్చారనుకున్నాను.

మర్నాడు ల్యాబ్ మామూలుగానే నడిచింది. మారింది పాలు పోసే మనిషి. మల్లమ్మ పాలు ఆపడం తప్పని అనను. గొట్టం ఆపకపోవడమే నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

మల్లమ్మ నిండు క్యాన్‌తో గేటు దగ్గర నిలబడి ఉంది. "వాడకట్టంత తెలిసింది టీచరమ్మా. ఎవ్వరు పాలు పోయించుకుంటలేరు. మేమేం జేసినం?"

తెల్లారి వెళ్లి గొట్టంలో గుడ్డలు కుక్కేశాను. యాసిడ్ వచ్చే పెద్ద జాడీలు ఖాళీవి ఉంటే, ప్రయోగాల వ్యర్థమంతా వాటిలో పోయించి, మూతలు బిగించి, స్టాఫ్‌రూంలో గోడ పొడుగునా పెట్టించాను.

"ఏంది గీ లొల్లి? ఇది స్టాఫ్‌రూమా, గోదామా?" హెడ్ గారు అరిచారు.

"గోడ అవతలుంటే మున్సిపాలిటీది సార్. ఇవతలుంటే మనదే కదా."

కొందరు నవ్వారు. పాలమనిషి కోసం ఇంత రాద్ధాంతమా అని కొందరు తిట్టారు. జాడీల వరుస ఆయన కుర్చీ దాకా వచ్చేసరికి హెడ్ గారే లేచి ప్రిన్సిపాల్ గదికి నడిచారు. వ్యర్థంలోని ఆమ్లాన్ని సున్నంతో విరిచి, అడుగున దిగిన మడ్డిని మూసి ఉంచే తొట్టి కాలేజీ ఆవరణలోనే కట్టారు. గొట్టం మూసేశారు.

కానీ పోయిన పేరు మల్లమ్మకు తిరిగి రాలేదు. బావి పూడ్పించి, బర్రెలను శివార్లలో ఉన్న జల్‌పల్లి దిక్కు తోలుకుపోయింది.

భయం పుడితే మనుషులకు బుద్ధి వస్తుందనుకునేదాన్ని. ఆ భయం మొదట మల్లమ్మనే గెంటింది. ఆ తర్వాత ఏ ల్యాబ్‌లో ఉద్యోగానికి చేరినా, మొదటి రోజే సింక్ గొట్టం వెంట గోడ దాకా నడిచేదాన్ని. గోడ చుట్టి అవతలికి వెళ్లి, ఆ ఇంటివాళ్ల పేరు అడిగి వచ్చేదాన్ని.