ఆపరేషన్ వద్దన్న కారణం

మా రెండో పాప ఎనిమిదో నెలలోనే పుట్టింది. బరువు చాలక అమలాపురంలో పదహారు రోజులు గాజుపెట్టెలో ఉంచారు. ఇంటికి తెచ్చాక కూడా అది కాస్త ఎక్కువసేపు నిద్రపోతే నాకు చెమటలు పట్టేవి.

పాపకి రెండో నెల రాగానే ఇంట్లో నాకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే మాట మొదలైంది. మా అత్తయ్యగారు ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి గుమ్మంలోనే ఎవరితోనో ఆ సంగతి మాట్లాడేశారు. మా ఆయన నా ఇష్టమంటూనే, స్కూల్లో టీచరుద్యోగానికి ఇంకెన్నాళ్ళు సెలవు పొడిగిస్తావని అడిగేవారు. మత్తు ఇంజెక్షనంటే భయమని చెప్పి వాయిదా వేస్తూ వచ్చాను. అసలు భయం అది కాదు. ఈ పిల్ల దక్కకపోతే? నోటితో అంటే జరిగిపోతుందేమోనని ఎవరికీ చెప్పలేదు.

టీకాకి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళినప్పుడు అత్తయ్యగారే నర్సుగారి దగ్గర మాట ఎత్తారు. నర్సుగారు ఆవిడని పాపతో బయట కూర్చోమని, తలుపు దగ్గరగా వేశారు.

"మీకెందుకు ఇష్టం లేదమ్మా? నాకు చెప్పండి, ఎవరికీ చెప్పను," అన్నారు.

చెప్పేశాను. ఆవిడ ఓదార్చలేదు, తప్పుపట్టలేదు. సొరుగులోంచి మాత్రలు, నిరోధ్, గర్భసంచిలో వేసే లూప్, ఇంజెక్షన్ తీసి బల్ల మీద పెట్టారు.

"ఆపరేషనొక్కటే దారి కాదండి. మీ మనసు కుదిరేదాకా ఇవున్నాయి. ఆఖరికి ఆపరేషనే అనుకున్నా, మీవారు చేయించుకోవచ్చు. అది ఇంకా తేలిక."

పాలిచ్చే తల్లికి ఏది పనికొస్తుందో, దేనితో ఏ ఇబ్బందో విడమరిచి చెప్పారు. మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ తీసుకున్నాను. నెలసరి ఆగిపోవచ్చని ముందే చెప్పారు కూడా.

అయినా రెండో ఇంజెక్షన్ తర్వాత నిజంగా ఆగిపోయేసరికి గుండెల్లో రాయి పడింది. కాస్త వికారంగా ఉంటే చాలు, మళ్ళీ కడుపొచ్చిందేమో అనిపించేది. అత్తయ్యగారు నన్ను ఎగాదిగా చూసి, "నీళ్ళోసుకున్నావేంటమ్మా?" అన్నారు. మర్నాడు స్కూలు మానేసి ఆటో ఎక్కాను. పరీక్ష చేసి, ఏమీ లేదన్నారు నర్సుగారు.

"ఇంత బెంగ పడతా వాడక్కర్లేదండి. ఇది మానేసి వేరేది చూసుకుందాం."

మూడో ఇంజెక్షన్ గడువుకి లూప్ వేయించుకున్నాను. ఎప్పుడు తీసేయమంటే అప్పుడు తీసేస్తామన్నారు. మొదట్లో రక్తం ఎక్కువ పోయి మళ్ళీ కంగారుపడ్డాను. తర్వాత సర్దుకుంది.

ఒక మధ్యాహ్నం వంటింట్లో అత్తయ్యగారికి అసలు కారణం చెప్పాను. ఆవిడ పొయ్యి కట్టేసి పీట మీద కూర్చున్నారు.

"మీ ఆయనకంటే ముందు ఒకడు పుట్టేడమ్మా. మూడు నెలలే ఉన్నాడు," అన్నారు. ఆ సంగతి మా ఆయనకి కూడా సరిగ్గా తెలియదు.

ఆ తర్వాత ఆవిడ ఎవరి దగ్గరా నా ఆపరేషన్ మాట ఎత్తలేదు. పాపకి మూడేళ్ళు నిండాక మా ఆయనే చేయించుకున్నారు. వెళ్ళే ముందు రెండు రోజులు ఆయనకి అన్నం సహించలేదు.