అడగకుండా రాసిన గోడ

మా సవర ఇళ్లలో గోడమీద బొమ్మలు రాసేది అందం కోసం కాదు, చనిపోయిన పెద్దల కోసం. ఎర్రమట్టి పూసిన గోడమీద, చివర నలగ్గొట్టిన పుల్లని బియ్యప్పిండి నీళ్లలో ముంచి రాస్తారు. రాయడం అయ్యాక ఎజ్జోడు, అంటే మా ఊరి పూజారి, ఇంకేమైనా కావాలా అని ఆ పెద్దల్నే అడుగుతాడు. వాళ్లు మొహమాటపడరు. ఒకసారి మా ముత్తాత సైకిల్ అడిగాడు. బతికుండగా ఆయన సైకిలెక్కిన దాఖలా లేదు. అయినా రాసిచ్చారు.

ఈ పని నాకు నేర్పింది నాయనమ్మ. మొదటి మూడేళ్లు పిండే రుబ్బించింది. నాలుగో ఏడు కోతిని రాయనిచ్చి, చూసి, "కుక్క బాగుంది" అంది. తర్వాత మిషిగన్‌లో డిజైన్‌లో మాస్టర్స్ చేశాను. అక్కడ అందరూ నన్ను తెగ మెచ్చుకున్నారు. అలవాటు లేక ఇబ్బందిపడ్డాను.

పోయిన వేసవిలో మిషిగన్‌లోనే నోవై అనే ఊరి పక్కన ఒక చిన్న ఊరి లైబ్రరీవాళ్లు తమ బయటి గోడ నాకిచ్చారు. అక్కడి మంచుకి బియ్యప్పిండి ఆగదు కాబట్టి అక్రిలిక్ రంగులు వాడాను. మా కొండ, ఏనుగులు, డప్పులు, చేతులు పట్టుకుని ఆడే మనుషులు, మూడు వారాలు మనిషిని పైకెత్తే లిఫ్ట్ బండి ఎక్కి రాశాను. శనివారం ఆవిష్కరణ. గురువారం పొద్దున్న నాయనమ్మకి వీడియో కాల్ చేసి, గోడంతా చూపించాను.

"బాగుంది," అంది. నాయనమ్మ అంత తొందరగా బాగుందంటే ఏదో బాగాలేదని అర్థం.

"ఏటైందే?"

"ఆ నేల పెద్దల్ని అడిగినావేటే అమ్మీ?"

"ఇక్కడ ఎజ్జోడెక్కడ దొరుకుతాడే? కమిటీ ఉంది. ఓకే చేసింది."

"కమిటీ అంటే సచ్చిపోయినోళ్లేటి?"

మీటింగుల్లో నాకూ ఆ అనుమానం వచ్చింది గానీ, కాదన్నాను.

"మరైతే ఒకలింట్లో దూరి మన సామాను సర్దినావు. అది బొమ్మ కాదే, రంగు." ఫోన్ పెట్టేసింది.

ఊరంతా మెచ్చుకున్నా, ఆవిడ రంగు అన్నాక అది రంగే.

లైబ్రరీలో పిల్లలకి కథలు చెప్పే ఒక పెద్దావిడ ఉండేవారు. అక్కడి పెద్ద సరస్సుల దగ్గర తరతరాలుగా బతికిన ఒజిబ్వే ఆదివాసీ జాతి మనిషి, కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. మూడు వారాలుగా రోజూ ఆవిడకి హాయ్ చెబుతూనే ఉన్నాను. అడగాల్సింది మాత్రం ఆ రోజు అడిగాను: "ఈ గోడమీద మీ పెద్దలకి ఏం కావాలి?"

ఆవిడ చాలాసేపు గోడని చూశారు. ఇద్దరం ఏడవబోతున్నామని సిద్ధపడ్డాను.

"ఆ ఏనుగు కొంచెం జరుగుతుందా?" అన్నారు.

"జరగదండీ. ఆరిపోయింది."

"అయితే దాని కింద పడవ వెయ్యి. అందులో ఇద్దరు ఆడవాళ్లు, నీళ్లలో పండే మా ధాన్యాన్ని కర్రలతో కొట్టి పడవలోకి రాలుస్తుంటారు. ఒకావిడ మా అమ్మమ్మ."

లైబ్రరీ డైరెక్టర్ ఒప్పుకోలేదు. "ఓకే అయిన డిజైన్ మార్చనని సంతకం పెట్టావు కదా?" అంటూ ఒప్పందం కాగితం ముందు పెట్టారు.

"అయితే ఇది పూర్తికాలేదు సార్. శనివారం తెర తీయకండి," అన్నాను.

పెద్దావిడ ఆ కాగితం తీసుకుని తిరగేసి చూశారు. "ఇందులో మా వాళ్ల సంతకం ఏది?"

ఆయన కూడా వెతికారు. లేదు. శుక్రవారం సాయంత్రం దాకా టైమిచ్చారు.

శుక్రవారం ఏనుగు కడుపు కింద పడవ రాశాను. పెద్దావిడ కింద కుర్చీ వేసుకుని, కర్ర పట్టుకునే తీరు సరిగ్గా లేదని రెండుసార్లు చెరిపించారు. అచ్చం ఇంట్లో ఉన్నట్టే అనిపించింది.

మళ్లీ కాల్ చేశాను. నాయనమ్మ పడవ దగ్గర ఆగింది.

"ఇదెవులు అడిగినారు?"

ఫోన్ పెద్దావిడ వైపు తిప్పాను. ఒకరి భాష ఒకరికి రాని ఇద్దరూ కాసేపు తలలూపుకున్నారు. తర్వాత నాయనమ్మ ఫోన్ పట్టుకుని వీధిలోకి నడిచింది.

"రండర్రా! నా మనవరాలు అమిరికాలో గోడ రాసింది, సూడండి!"

నా డిగ్రీ పట్టాకి కూడా ఆవిడ గడప దాటలేదు. ఫోన్ తెరమీద మా ఊరివాళ్ల చెవులు, ముక్కులు, ఒక మేక ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. గోడ వాళ్లకి ఏమాత్రం కనిపించిందో తెలియదు. నేను మాత్రం చెయ్యి నొప్పెట్టేదాకా ఫోన్ దించలేదు.