ఉద్దానం మీద గుండు ఎక్కడి నుంచి వదలాలి?

కళాశాలలో ఏళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్న నా ఓపిక ఈ మధ్యాహ్నంతో హరించుకుపోయింది. వజ్రపుకొత్తూరు కొబ్బరి రైతు దాలయ్య గారు ఒక సైన్స్ ఫిక్షన్ కథ రాశారు. పోటీకి పంపేముందు తప్పులు చూడమని పలాసలోని మా ఇంటికి తెచ్చారు. అందులో శత్రువుల అంతరిక్ష నౌక మా తీరప్రాంతమైన ఉద్దానం నడినెత్తిన ఆగి ఇనుప గుండ్లను నిట్టనిలువుగా వదులుతుంది. నౌకను ముందే చూసిన జనం పడవలెక్కి తప్పించుకుంటారు.

కక్ష్యలో ఊరికే వదిలిన గుండు కింద పడదని, నౌకతోపాటే తిరుగుతుందని, దాని వేగం తగ్గించి దాదాపు భూగోళం అవతలి వైపు నుంచే ప్రయోగించాలని గంటసేపు బొమ్మలు గీసి చెప్పాను. మూడోసారికి నా గొంతు పెరిగింది.

"అయితే మా వోళ్లకి నౌక కనపడదేటి మాస్టారూ?"

"కనపడదు."

"కొబ్బరి సెట్టెక్కినోడైనా కిందోళ్లకి కేకేసినాకే కాయ వదుల్తాడు. సెప్పకుండా సంపేత్తారేటి? అలాగ నాను రాయనేను. తప్పుంటే ఉండనీండి."

దశాంశ బిందువు జరిగినా మార్కులు కోసే నేను, విసుక్కుంటూనే కవరు అంటించడానికి జిగురు సీసా అందించాను. ఆ ఒక్క తప్పు దిద్దితే ఊరంతా చచ్చిపోతుంది. మీరైతే దిద్దేవారా?