గ్రీకుల యుద్ధం... హాల్లో మామ్మ ఫోను

మా చిన్నప్పుడు గ్రీకులతో యుద్ధం మొదలుపెట్టాలంటే ముందు మా మామ్మని వీధరుగు మీద కూర్చోబెట్టాలి...

నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మాది ఆత్రేయపురం. ఎనిమిదో తరగతి దాకా నేనూ మాధురీ ఒకటే బెంచీ. తర్వాత వాళ్ళ నాన్నగారికి రాజమండ్రి బదిలీ అయింది. కొన్నాళ్ళకి ఇద్దరిళ్ళకీ కంప్యూటర్లొచ్చాయి, ఇద్దరికీ ఒకటే ఆట దొరికింది. పాతకాలం గ్రీకు రాజ్యాలు... మేకల్ని తోలుకొచ్చి, చేపలు పట్టి, కోటలు కట్టి, సైన్యాన్ని ఓడలెక్కించి అవతలివాళ్ళ రేవు మీద పడాలి. కంప్యూటర్‌తో ఆడి గెలిస్తే ఏం సరదా... ఉడుక్కోవడానికి ఎదురుగా మనిషి ఉండాలి కదా.

ఆ మనిషేమో గోదావరికి అవతల ఉంది.

అప్పట్లో మాకు నెట్టూ గిట్టూ లేదు. వాళ్ళ కంప్యూటర్ మా ఇంటికి ఫోన్ చెయ్యాలి, మా కంప్యూటర్ ఎత్తాలి. మనుషులు ఎత్తకూడదు. అందుకని మాధురి ముందు ఒక్క రింగిచ్చి పెట్టేసేది. వాళ్ళింట్లో కరెంటుంది, వాళ్ళ నాన్న ఇంట్లో లేరు, సిద్ధంగా ఉండు అని దానర్థం. మళ్ళీ మోగినప్పుడు హాల్లో ఫోను ఎవరూ ముట్టుకోకపోతే యుద్ధం మొదలైనట్టే.

మామ్మతో అక్కడే వచ్చేది చిక్కు. మోగే ఫోను ఎత్తకపోవడమంటే ఆవిడ లెక్కలో గుమ్మంలోకి వచ్చిన మనిషిని పలకరించకపోవడమే. ఎంత బతిమాలినా సరేననేది, మోగగానే చెయ్యి ఆగేది కాదు. అవతల కంప్యూటర్ని ఫోనుకి కలిపే మోడెమ్ కీచుమని అరుస్తుంటే చెవి దగ్గరే పెట్టుకుని, "ఎవరండీ... సరిగ్గా వినపడట్లేదండి... భోజనాలయ్యాయా?" అని అడిగేది. మోడెమ్‌కి కూడా మర్యాద చేసిన మనిషి మా మామ్మ.

పదో తరగతి అయ్యాక ఆ వేసవంతా ఇదే గోల. ఇక్కడ కరెంటుంటే అక్కడ ఉండదు. అక్కడ ఉంటే ఇక్కడ మామ్మ ఉంటుంది. ఒక్క ఆటంటే ఒక్క ఆట కూడా చివరిదాకా సాగలేదు.

చివరికి మాధురి హాస్టలుకి వెళ్ళే రోజొచ్చింది. సాయంత్రం బండికి విజయవాడ. కంప్యూటర్ని వాళ్ళ బాబాయికి ఇచ్చేస్తున్నారు. "ఒక్కటైనా తేల్చుకుని వెళ్తానే, ఈసారి మీ మామ్మని కట్టేసినా సరే" అంది ముందురోజు ఫోన్లో.

ఆ మధ్యాహ్నం ఏ దేవుడు కరుణించాడో గానీ రెండు ఊళ్ళలోనూ కరెంటుంది. మామ్మ అరుగు మీద వత్తులు చేసుకుంటోంది. నా ఓడలు దాని రేవులో దిగాయి, దాని సైన్యం నా గోడలు పగలగొడుతోంది. ఎవరిదైనా కావచ్చు. "కట్ చెయ్యకే, గెలుపు నాదే" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది.

ఉన్నట్టుండి తెర బిగుసుకుపోయింది. అవతలి వాళ్ళు వెళ్ళిపోయారని వచ్చింది.

జరిగిందేంటంటే... మా ఫోను మా ఒక్కరిదీ కాదు, వీధిలో చాలా ఇళ్ళకి మా నంబరే. ఎదురింటి సీతారత్నం గారి అమ్మాయికి పొద్దున్నుంచీ నొప్పులు, రాజమండ్రి ఆసుపత్రిలో ఉంది. అల్లుడు ఫోన్ చేస్తానన్నాడు. ఆవిడ కంగారుగా వచ్చి అడిగితే, మోగలేదండి అంది మామ్మ. ఆ తర్వాత ఆవిడ మొహం చూడలేక, అసలు పని చేస్తోందో లేదో చూద్దామండి అంటూ హాల్లోకొచ్చి ఫోను ఎత్తింది. అంతే, అక్కడ మా లైను తెగింది.

నేను హాల్లోకి పరిగెత్తేసరికి ఫోను మోగుతోంది. మాధురే అనుకున్నాను. అల్లుడు గారు. ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం. సీతారత్నం గారు ఏడ్చేశారు. నాకూ ఏడుపొచ్చేసింది. ఆవిడ నన్ను దగ్గరికి లాక్కుని, "మా అమ్మాయంటే నీకెంత ప్రేమే తల్లీ" అన్నారు.

తర్వాత వియ్యాలవారికి ఒక ఫోను, పెద్దాపురంలో అక్కగారికి ఒకటి, తునిలో ఆడపడుచుకి ఒకటి. ప్రతిసారీ ఆవిడ "ఇంకొక్కటండి" అనడం, మామ్మ "ఎంత మాటండి, చేసుకోండి" అనడం. ఒక్క నిమిషం నాకివ్వండి అని అడగడానికి నోరు రాలేదు. బిడ్డ పుట్టిన ఇంటివాళ్ళతో నా గ్రీకుల గొడవేం చెప్పను? ఆవిడ పళ్ళెం నిండా పూతరేకులు తెచ్చి చేతిలో పెట్టారు. ఆ పళ్ళెం పట్టుకునే ఫోను పక్కన నిలబడ్డాను.

ఫోను నా చేతికొచ్చేసరికి అటు ఎంతసేపు మోగినా ఎవరూ ఎత్తలేదు. బయల్దేరిపోయారు. చదువులూ పెళ్ళిళ్ళూ... మళ్ళీ కలవలేదు.

ఈ మధ్య మా స్కూలు గ్రూపులో మాధురి దొరికింది. ఆ ఆట కూడా కొత్తగా మళ్ళీ వచ్చింది. నా లాప్‌టాప్‌లో ఎక్కించి పెట్టింది ఎవరనుకున్నారు? సీతారత్నం గారి మనవరాలే... ఆ రోజు పుట్టిన పిల్ల.

మొన్న ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నాం. ఇయర్‌ఫోన్లలో మాధురి మొదటి మాటే, "ఓడిపోతున్నావని ఆ రోజు వైరు పీకేశావు కదే" అంది. ఇన్నేళ్ళూ అదే అనుకుందట. నా ప్రాణం ఉసూరుమంది. జరిగిందంతా చెప్పాను. "మా పిల్లలకి నేనే గెలిచానని చెప్పుకున్నానే" అంది మెల్లగా.

ఆట మొదలైంది. ఇంకా మేకలు కూడా దొరకలేదు, వాళ్ళింటి బెల్లు మోగింది. "ఎవరో వచ్చారే. లేచి పలకరించకపోతే బాగోదు, ఒక్క నిమిషం" అని వెళ్ళింది. నా తెర మీద, అవతలి వాళ్ళ కోసం వేచి ఉండమని వచ్చింది. చీకటి పడేదాకా అదే ఉంది. కోపం తెచ్చుకుందామన్నా ఎవరి మీద... అప్పుడూ ఇంతే కదా.

ఇప్పుడు మా హాల్లో ఫోను లేదు. ఎత్తి "భోజనాలయ్యాయా" అని అడిగే మామ్మా లేదు. ఆ ఒక్క గొంతు మధ్యలో వినపడితే చాలు... గెలిచే ఆటైనా సరే, ఆగిపోనీ అనేదాన్ని.

మీ ఆటలు అలా మర్యాదగా ఆపేసిన పెద్దవాళ్ళు మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటారు... వాళ్ళ గురించి కింద రాయండి. అవి చదువుకుంటూ మాధురి కోసం కూర్చుంటాను.