సస్కటూన్‌లో నేను వేసిన ఈల

మన పిల్లలు బ్యాచ్‌లు బ్యాచ్‌లుగా కెనడాలోని సస్కటూన్‌లో దిగుతున్న రోజుల్లో నేనూ చదువుకోవడానికి వచ్చాను. ఒక ఆదివారం లైబ్రరీలో పాత మూకీ ఫిల్ములు వేస్తుంటే వెళ్లాను. నిమిషం కూడా లేని ఒక ముక్కలో, తుపాకీ గురికి పేరు మోసిన ఒకావిడ, పైకి ఎగరేసిన గాజు బంతుల్ని వరసగా పేల్చేస్తోంది. ఖమ్మం థియేటర్ల అలవాటు ఎక్కడికి పోతుంది? రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసేశాను. హాలంతా నావైపు తిరిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

పక్క సీట్లో ముసలావిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఆడపిల్లలు ఈల వేయకూడదని మా అమ్మ తిట్టేది. నాకు నేర్పుతావా?"

"మా అమ్మ ఇప్పటికీ తిడుతుంది" అన్నాను.

ఆవిడ లేచి, ఆ ముక్క మళ్లీ వేయమని అడిగింది. ఈసారి తనూ వేళ్లు నోట్లో పెట్టుకుంది. గాలే వచ్చింది. ఈల మాత్రం ముందు వరసలో ఇంకో ముసలావిడ వేసింది.